షాపు నడిపే తెలుగువారికి కొన్ని తలకిందుల సలహాలు

అమెరికాలో మనవాళ్లెవరైనా గ్యాస్ స్టేషనో, రెస్టారెంటో, మోటెలో కొన్నారంటే, కాగితాల మీద సంతకాలు పూర్తికాకముందే సలహాలు వచ్చి పడతాయి. బావమరిది ఫోన్ చేస్తాడు. అదే ఊళ్లో ఏళ్ల తరబడి స్టోర్ నడుపుతున్న పెద్దాయన ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి మరీ చెప్తాడు. "కిచెన్‌లో వాళ్లని స్పానిష్ మాట్లాడుకోనివ్వకు, నీ గురించే అనుకుంటుంటారు. ఇంగ్లీష్ వచ్చినవాణ్నే పెట్టుకో. అంతమంది దొరక్కపోతే ఇంగ్లీష్ తెలిసినవాణ్ని ఒకణ్ని పెట్టుకో, మిగతావాళ్ల సంగతి వాడే చూసుకుంటాడు. 'ఇంగ్లీష్ ఓన్లీ' అని ఒక కాగితం ప్రింట్ తీసి గోడకి అంటించు, ఏ గొడవా ఉండదు."

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ల షాపులకి జీతాల లెక్కలు చూసిపెట్టే పని నాది. ఈ సలహాలు పాటించిన చోట మనుషులు నిలవడం లేదు. మూడు నెలలకోసారి కొత్త పేర్లు వస్తాయి, పాత పేర్లు పోతాయి. చివరికి యజమాని, ఆయన భార్య రాత్రి పదకొండింటికి గిన్నెలు కడుక్కుంటూ ఉంటారు. అందుకే నేను చెప్పేవి వీటికి పూర్తిగా తలకిందులుగా ఉంటాయి. మీ బావమరిది వింటే అంతా తప్పంటాడు. అన్నా సరే, చేయండి.

గోడ మీద ఏ భాషా రూలూ పెట్టకండి

ఈ కాగితం అంటించమనేవాళ్లు ఒక కోర్టు తీర్పు గురించి ఎక్కడో విని ఉంటారు. ఆ తీర్పు నిజమే. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున ఉన్న బ్రౌన్స్‌విల్‌లో కలప, హార్డ్‌వేర్ అమ్మే ఒక దుకాణం ఉండేది. వచ్చే కొనుగోలుదారుల్లో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు కాబట్టి, రెండు భాషలూ వచ్చిన హెక్టర్ గార్సియా అనే సేల్స్‌మన్‌ని తీసుకున్నారు. కొనుగోలుదారులతో స్పానిష్ మాట్లాడొచ్చు, తోటి ఉద్యోగులతో మాత్రం మాట్లాడకూడదు. 1975లో ఒక సహోద్యోగి ఏదో సరుకు గురించి అడిగితే అతను స్పానిష్‌లో జవాబిచ్చాడు. ఉద్యోగం పోయింది. 1980లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దుకాణం వైపే తీర్పిచ్చింది. రెండు భాషలూ వచ్చినవాడికి ఏది మాట్లాడాలన్నది తన ఇష్టంలో ఉన్న విషయమేనని కోర్టు వాదన.

మన సలహాదారులు ఇక్కడితో ఆగిపోతారు. కథ ఇక్కడితో ఆగలేదు. అదే ఏడాది, ఉద్యోగాల్లో వివక్షను చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ నిబంధనలు రాసింది. పనిచేసే చోట అన్నివేళలా ఇంగ్లీషే మాట్లాడాలంటే అది 1964 పౌరహక్కుల చట్టాన్ని ఉల్లంఘించినట్టేనని ముందుగా అనుకుని మొదలుపెడతామంది. ఫలానా పనిలో, ఫలానా వేళలో మాత్రమే అంటే, వ్యాపారానికి అది నిజంగా అవసరమని యజమాని చూపించాలంది. అన్ని కోర్టులూ దీన్ని ఒప్పుకోలేదు. 1993లో కాలిఫోర్నియాలోని స్పన్ స్టీక్ అనే మాంసం కంపెనీ కేసులో నైన్త్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. 2006లో ఓక్లహోమాలోని ఆల్టస్ పట్టణ ఉద్యోగుల కేసులో టెన్త్ సర్క్యూట్ మాత్రం, ఇలాంటి రూలు దానంతట అదే ఉద్యోగుల మీద వేధింపు వాతావరణం తెచ్చిపెట్టవచ్చంది.

టెక్సస్ సంగతే చూడండి. డల్లాస్ పక్కనే డిసోటోలో ప్రీమియర్ ఆపరేటర్ సర్వీసెస్ అని ఒక టెలిఫోన్ కంపెనీ ఉండేది. స్పానిష్ వచ్చన్న కారణంతోనే ఆపరేటర్లను తీసుకుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు స్పానిష్ కావాలి, భోజనం బల్ల దగ్గర పక్కమనిషితో మాట్లాడటానికి మాత్రం వద్దంది. ఒప్పుకోనివాళ్లని తీసేసింది. 2000లో ఫెడరల్ కోర్టు 13 మంది ఆపరేటర్లకు సుమారు 7 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ విశ్వవిద్యాలయం, గదులు ఊడ్చి తుడిచే 18 మంది కార్మికుల కేసులో 24 లక్షల డాలర్లకు రాజీపడింది. రెండూ గార్సియా ఓడిపోయిన టెక్సస్‌లోనే జరిగాయి.

"నా దగ్గర పదిహేనుమంది లేరు కదా, ఆ చట్టం నాకు వర్తించదు" అని అనేవాళ్లున్నారు. ఫెడరల్ పౌరహక్కుల చట్టం వరకు ఆ మాట నిజమే. కానీ నలుగురి నుంచి పద్నాలుగుమంది వరకు ఉన్న చోట, ఎవరు ఏ దేశం నుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వకపోవడాన్నీ, తీసేయడాన్నీ 1986 ఇమిగ్రేషన్ చట్టం నిషేధించింది. కాలిఫోర్నియాలో అయిదుగురు ఉంటే చాలు రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. వ్యాపార అవసరం చూపించకుండా, ముందుగా తెలియజేయకుండా భాషా నిషేధం పెట్టకూడదని ఆ చట్టంలో విడిగా రాసి ఉంది.

2025 మార్చి 1న ఇంగ్లీష్‌ని అమెరికా అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాక ఈ కాగితాలు మళ్లీ గోడలెక్కాయి. ఆ ఉత్తర్వు ఫెడరల్ ప్రభుత్వ శాఖలకు సంబంధించింది. ఇతర భాషల్లో సేవలందించాలని శాఖలను ఆదేశిస్తూ 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేసింది. మీ బిర్యానీ సెంటర్ వంటింట్లో ఎవరు ఏ భాష మాట్లాడాలన్నది అందులో లేదు.

చట్టం సంగతి ఇంత చెప్పినా, అది మీకు అనుకూలంగా ఉన్నా కూడా నా సలహా మారదు. ఆ కాగితం చదివిన మనిషి రేపటి నుంచి మీతో అవసరమైనంతే మాట్లాడతాడు. ఫ్రిజ్ చల్లబడటం లేదని చెప్పడు. డెలివరీలో రెండు పెట్టెలు తక్కువ వచ్చాయని చెప్పడు. మూసిన నోటి వల్ల వచ్చే నష్టం లెక్కల పుస్తకంలో విడిగా కనబడదు గానీ, నష్టం మాత్రం మీదే.

వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి

ఇద్దరు స్పానిష్‌లో మాట్లాడుకుని నవ్వితే, అది తన మీదేనని యజమానికి అనుమానం. ఏమన్నారని అడగకండి. కెమెరా రికార్డింగు తీసి తెలిసినవాళ్లకి వినిపించకండి. ఆరు గంటలుగా నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్న మనిషికి నవ్వుకునే హక్కుంది. ఒకవేళ మీ మీదే నవ్వారనుకోండి, యజమాని మీద నవ్వుకోవడం ఏ దేశంలోనూ కొత్త కాదు.

నిజంగా ఎవరినైనా తిడితే అది వేరే సంగతి. స్పన్ స్టీక్ గొడవ అలాగే మొదలైంది. ఇద్దరు ఉద్యోగులు తోటివాళ్లను జాతిని బట్టి స్పానిష్‌లో కించపరిచారని ఫిర్యాదు వచ్చింది. దానికి కంపెనీ అందరి నోటా స్పానిష్ ఆపేసింది. అక్కడ ఉన్న 33 మందిలో 24 మంది స్పానిష్ మాట్లాడేవాళ్లే! ఇద్దరు అన్న మాటకి అంతమందినీ కట్టడి చేశారు. కోర్టు ఒప్పుకున్నంత మాత్రాన అది మంచి యాజమాన్యం కాదు. తిట్టినవాణ్ని పిలిచి, తిట్టినందుకు చర్య తీసుకోండి. ఇంగ్లీష్‌లో తిట్టినా, తెలుగులో తిట్టినా అదే చర్య ఉండాలి.

తెలుగు అన్నాను కాబట్టి చెప్పక తప్పదు. కౌంటర్ దగ్గర నిలబడి, పక్కనే ఉన్న పనిమనిషి గురించి భార్యాభర్తలు తెలుగులో ఎన్ని మాటలు అనుకుంటారో నేను వింటూనే ఉన్నాను. ఐటీ ఆఫీసుల్లో తెలుగు టీములు మీటింగు మధ్యలో తెలుగులోకి దిగిపోతాయని తోటివాళ్లు చేసే ఫిర్యాదు కూడా మనకి కొత్త కాదు. ఆ ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. మీటింగులో భాష తెలియనివాడు ఉంటే పని గురించిన మాట అతనికీ అర్థమయ్యేలా సాగాలి. అలాగని కాఫీ మెషిన్ దగ్గర ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటే ఎవరూ ఆపకూడదు. కాలిఫోర్నియాలో డెలానో ఊరి ఆసుపత్రి, వేరే భాషలవాళ్లను వదిలేసి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఉద్యోగులను మాత్రమే తమ భాష మాట్లాడవద్దని వేధించిందన్న కేసులో 2012లో 9,75,000 డాలర్లు చెల్లించింది. స్పానిష్‌కి కట్టిన కంచె ఆసియావాళ్ల భాషలకీ అడ్డం వస్తుంది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో, మా దేశం నుంచి వెళ్లిపొమ్మని అరుస్తూ ఒకడు మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. ఆ రోజుల్లో బయట తెలుగు మాట్లాడకండి, ఇంగ్లీషే మాట్లాడండి అని మనవాళ్ల నుంచే సలహాలు వచ్చాయి. భయంతో, ప్రేమతో చెప్పిన సలహాలవి. అయినా వాల్‌మార్ట్‌లో అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ గొంతు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు మనకి ఎలా అనిపించింది? మీ కిచెన్‌లో ఉన్న మనిషికి మీ రూలు వల్ల రోజూ అలాగే అనిపిస్తుంది.

ఇంగ్లీష్ రానివాణ్ని పెట్టుకోండి

పనికి ఎంత ఇంగ్లీష్ కావాలో ముందు కూర్చుని రాసుకోండి. గిన్నెలు కడగడానికి, పిండి రుబ్బడానికి, మోటెల్ గదుల్లో దుప్పట్లు మార్చడానికి ఎంత కావాలి? దాదాపు ఏమీ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర కొంత కావాలి. 911కి ఫోన్ చేసి షాపు అడ్రసు చెప్పడానికి ప్రతి షిఫ్టులోనూ ఒకరికి రావాలి. పెద్ద ట్రక్కు నడిపేవాడికి ఇంగ్లీష్ రావాలని ఫెడరల్ నిబంధన ఎప్పటినుంచో ఉంది. 2025 జూన్ చివరి నుంచి, తనిఖీలో ఇంగ్లీష్ రాదని తేలిన డ్రైవర్లను రోడ్డు మీదే ఆపేస్తున్నారు. అలాంటి చోట వాదన అనవసరం. మిగతా చోట్ల "ఇంగ్లీష్ రావాలి" అని ప్రకటనలో రాయడమంటే మంచి పనివాళ్లను గుమ్మం దాకా రానివ్వకపోవడమే. యాస వంకతో తిప్పి పంపడం మరీ అన్యాయం. మన యాస గురించి మనకి ఎదురైన వెక్కిరింపులు అన్నీ ఇన్నీ కావు.

చేరిన మనిషిని పేరు పెట్టి పిలవండి. దేశీ కిచెన్లలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది "అమీగో" అన్న పిలుపు. ముగ్గురు మనుషులుంటే ముగ్గురూ అమీగోలే. ఎన్నేళ్లు పనిచేసినా అమీగోనే. అలాగే అందరూ "మెక్సికన్లే". ఒకతను హోండురస్ నుంచి వచ్చి ఉంటాడు, ఒకామె ఎల్ సాల్వడార్ నుంచి. ప్యూర్టో రికో నుంచి వచ్చినవాడైతే పుట్టుకతో అమెరికా పౌరుడు, 1917 నుంచీ అక్కడివాళ్లు పౌరులే. గ్వాతెమాలా కొండల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇంట్లో భాష స్పానిష్ కాదు. మామ్, కిచే, కంహోబాల్ లాంటి మాయా భాషలు. స్పానిష్ వాళ్లకి బడిలోనో బజారులోనో వచ్చిన రెండో భాష. వాళ్లకి స్పానిష్‌లో రాసిన కాగితం ఇచ్చి పని అయిపోయిందనుకుంటే కుదరదు, దగ్గరుండి చేసి చూపించాలి.

జీతం చెక్కు మీద పేరు కూడా సరిచూడండి. స్పానిష్ మాట్లాడే దేశాలవాళ్లలో చాలామందికి రెండు ఇంటిపేర్లుంటాయి, ముందుది తండ్రిది, తర్వాతది తల్లిది. మనవాళ్లు ఆఖరి మాటనే ఇంటిపేరు అనుకుని టైప్ చేస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఒకటి, చెక్కు మీద ఒకటి ఉంటే సంవత్సరాంతంలో దాన్ని సరిచేసుకోవడానికి ఆ మనిషి పడే తిప్పలు నాకు తెలుసు. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అన్న గొడవలో పాస్‌పోర్టు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకి ఇది ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

భాష నేర్చుకునే భారం మీరు మోయండి

ఇది అన్నిటిలోకీ తప్పుడు సలహాగా కనబడుతుందని తెలుసు. జీతమిచ్చేది నేను, నేర్చుకోవాల్సింది వాడు కదా అంటారు. రెండు షిఫ్టులు చేసి, బస్సులో గంట ప్రయాణం చేసి ఇంటికెళ్లే మనిషి కంటే మీకు తీరిక ఎక్కువ, చదువు ఎక్కువ, కొత్త భాష నేర్చిన అనుభవం ఎక్కువ. తెలుగు, హిందీ, ఇంగ్లీష్ వచ్చిన మీకు నాలుగోది కష్టం కాదు. పైగా వాళ్లు మన మాటలు అప్పుడే నేర్చేసుకున్నారు. దోసె పోసే మెక్సికో కుర్రాడు తాలింపు, పప్పు, కారంపొడి అన్న మాటలు మనలాగే పలుకుతాడు. చెయ్యి కాలితే "నొప్పిగా ఉందా" అని అతని భాషలో అడగడం మాత్రం మనకి ఇంకా రాదు.

తెలుగువాడికి స్పానిష్‌లో కలిసివచ్చే సంగతులు చాలా ఉన్నాయి. అచ్చులు అయిదే, అన్నీ స్పష్టంగా పలుకుతాయి. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. త, ద అన్నవి మన త, ద లాగే పళ్లకి తగిలి పలుకుతాయి, ఇంగ్లీష్‌వాళ్ల ట, డ కావు. అందుకే ఇంగ్లీష్ లిపిలో కాకుండా తెలుగు లిపిలో రాసుకోండి. హెచ్ అక్షరం పలకదు, జె అక్షరం హ లాగా పలుకుతుంది, రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే చాలాచోట్ల య. తల మీద గీత ఉన్న ఎన్‌కి మన ఞ ఉండనే ఉంది. వర్ణమాలలో తప్ప విడిగా దాదాపు ఎక్కడా వాడని ఆ అక్షరానికి ఇన్నాళ్లకి పని దొరుకుతుంది.

ఏ మాటలతో మొదలుపెట్టాలన్నది ముఖ్యం. మనవాళ్లు ముందు నేర్చేవి ఆజ్ఞలు: తొందరగా, ఇంకా, కడుగు, తీసుకురా. వాటిని పక్కన పెట్టండి. ముందు ఇవి నేర్చుకోండి. "నో ఎంతియెందో", నాకు అర్థం కాలేదు. "మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్", కొంచెం నెమ్మదిగా చెప్పండి. "సె కేమో?", చెయ్యి కాలిందా. "లె దూయేలె?", నొప్పిగా ఉందా. "దెస్కాన్సె", కాసేపు విశ్రాంతి తీసుకోండి. చివరి మూడూ మర్యాద రూపాలు. స్పానిష్‌లో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. మీ నాన్న వయసున్న వంటమనిషిని "మీరు" అనండి. ఆ తర్వాత కిచెన్‌లో అరిచే మాటలు నేర్చుకోండి: వేడి గిన్నె పట్టుకుని వెళ్తున్నప్పుడు "కాలియెంతె", వెనక నుంచి దాటుతున్నప్పుడు "ఆత్రాస్", జాగ్రత్త అనడానికి "కుయిదాదో". వాళ్లు అరిచినప్పుడు మీరు పక్కకి తప్పుకోవాలన్నా ఇవి రావాలి.

ప్రాణాల సంగతి వచ్చినప్పుడు ఇది యజమాని ఇష్టం కాదు, బాధ్యత. భద్రత గురించిన శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఇవ్వాలని ఫెడరల్ భద్రతా సంస్థ ఓషా 2010లో స్పష్టంగా చెప్పింది. ఇంగ్లీష్ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే శిక్షణ ఇచ్చినట్టు కాదు. అమెరికాలో పనిచేస్తూ చనిపోయేవాళ్ల రేటు హిస్పానిక్ కార్మికుల్లో దేశ సగటు కంటే ఎక్కువ. మీ మోటెల్ బాత్‌రూమ్‌లో జరిగేదే చూడండి. బ్లీచ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచ్‌లో అమోనియా ఉన్న క్లీనర్ కలిసినా విషవాయువే. సీసా మీద హెచ్చరిక ఇంగ్లీష్‌లో ఉంటుంది. కిటికీ లేని చిన్న గదిలో ఆ రెండూ కలిపే మనిషికి అది చదవడం రాకపోతే ఎవరిది తప్పు? రెండు సీసాలూ చేతిలో పట్టుకుని, కలపకూడదని ఆమె భాషలో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకోండి. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ రోజువారీ మాటలకి పనికొస్తుంది. జీతం, గాయం, రసాయనాలు, ఉద్యోగం తీసేయడం, ఈ నాలుగింటికీ మాత్రం మనిషి కావాలి.

అనువాదం చేసే మనిషికి వేరే డబ్బు ఇవ్వండి

ప్రతి షాపులో రెండు భాషలూ వచ్చిన కుర్రాడో అమ్మాయో ఒకరుంటారు. తన పని తను చేస్తూ, కొత్తవాళ్లకి నేర్పుతూ, కొనుగోలుదారుల ఫోన్లు తీస్తూ, మీ మాట వాళ్లకీ వాళ్ల మాట మీకూ చేరవేస్తుంటారు. జీతం మాత్రం పక్కవాడితో సమానం. గంటకి ఒకటో రెండో డాలర్లు పెంచమని చెప్తే నాకు చాలాచోట్ల ఎదురయ్యే జవాబు ఒకటే: "వాడికి వచ్చిన భాషే కదా, అదేం కష్టం?" మీకు వచ్చిన జావాకి జీతం తీసుకోలేదా?

ఈ వాదన ఎఫ్‌బీఐలో కూడా జరిగింది. స్పానిష్ వచ్చిన ఏజెంట్లను ఫోన్ సంభాషణలు వినే పనికీ, అనువాదం పనికీ ఊళ్లు తిప్పుతూ వాడుకున్నారు. పెద్ద కేసులూ ప్రమోషన్లూ మాత్రం వేరేవాళ్లకి వెళ్లాయి. ఎల్ పాసో ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్న బెర్నార్డో పెరెజ్ ముందుండగా 300 మందికి పైగా హిస్పానిక్ ఏజెంట్లు దావా వేశారు. 1988లో పశ్చిమ టెక్సస్ ఫెడరల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. తుపాకీ, బ్యాడ్జీ ఉన్నవాళ్లకే భాష ఇంత అన్యాయం తెచ్చిపెడితే, సమోసాలు వేయించే అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది?

ఇంకొకటి. ఆ ఒక్కడి మీదే మొత్తం ఆధారపడకండి. మీకూ పనివాళ్లకీ మధ్య ఒకే ఒక నోరు ఉంటే, ఎవరికి ఏ షిఫ్టు ఇవ్వాలో, ఎవరి ఫిర్యాదు మీ దాకా రావాలో ఆ మనిషే నిర్ణయిస్తాడు. అతని మీదే ఫిర్యాదుంటే అది ఎప్పటికీ మీకు చేరదు. నెలకోసారి బయటి మనిషిని తెచ్చుకుని, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. ఖర్చవుతుంది. పెట్టండి.

కాగితాల గురించి కొంచెం

కనీస వేతనం పోస్టరు స్పానిష్‌లో కార్మిక శాఖ ఉచితంగా ఇస్తుంది, ఇంగ్లీష్‌ది పక్కన పెట్టి అదీ అంటించండి. ఉద్యోగానికి అర్హత సరిచూసే ఐ-9 ఫారం స్పానిష్‌లో ఉన్నా, నింపి దాచుకోవాల్సింది మాత్రం ఇంగ్లీష్‌దే. ప్యూర్టో రికోలో తప్ప మరెక్కడా స్పానిష్ ఫారం నింపకూడదు, చదివి అర్థం చేసుకోవడానికి చూపించవచ్చు. న్యూయార్క్‌లో జీతం నోటీసు ఉద్యోగి తన మాతృభాషగా చెప్పిన భాషలోనూ ఇవ్వాలి. పాత కార్ల వ్యాపారం చేసేవాళ్లకి ఒక మాట: కాలిఫోర్నియాలో అప్పు మీద బేరం స్పానిష్‌లో మాట్లాడితే, సంతకానికి ముందే కాంట్రాక్టు అనువాదం చేతికివ్వాలి. ఆహార భద్రత మేనేజర్ పరీక్ష సర్వ్‌సేఫ్ స్పానిష్‌లో రాయవచ్చు. మీ వంటమనిషిని రాయించండి, ఫీజు మీరే కట్టండి.

కొనుగోలుదారుడికి భాష నేర్పకండి

ఫిలడెల్ఫియాలో జీనోస్ స్టీక్స్ అనే ప్రసిద్ధ శాండ్‌విచ్ దుకాణం, ఆర్డర్ ఇంగ్లీష్‌లోనే ఇవ్వాలని కిటికీకి ఒక బోర్డు పెట్టింది. 2006లో దేశమంతా గొడవైంది. నగర మానవ సంబంధాల కమిషన్ 2008లో ఆ బోర్డు చట్టవిరుద్ధం కాదని తేల్చింది. 2016లో దుకాణంవాళ్లే తీసేశారు. ఇలాంటి బోర్డు మీద మనసుపడే తెలుగు యజమానులు నాకు ఎదురయ్యారు కాబట్టి చెప్తున్నాను. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు కారు. శాన్ ఆంటోనియో ఊరు పుట్టింది 1718లో, స్పెయిన్ పాలనలో. ఇప్పటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా, ఆరిజోనా, న్యూ మెక్సికోలలో చాలా భాగం అమెరికాకి దక్కింది 1848లో, మెక్సికోతో యుద్ధం తర్వాత. మనం వచ్చింది మొన్న.

2018లో మోంటానాలోని హావర్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు మహిళలు ఒక కన్వీనియెన్స్ స్టోర్‌లో పాలు, గుడ్లు కొంటూ స్పానిష్‌లో మాట్లాడుకున్నారు. బోర్డర్ పెట్రోల్ అధికారి ఒకడు విని, గుర్తింపు కార్డులడిగి, సుమారు 40 నిమిషాలు నిలబెట్టేశాడు. ఇద్దరూ అమెరికాలోనే పుట్టినవాళ్లు. వాళ్లు దావా వేశారు, 2020లో ప్రభుత్వం రాజీపడింది. మీలాంటి స్టోర్‌లోనే జరిగింది. అలాంటి రోజు మీ స్టోర్‌లో వస్తే, కౌంటర్ వెనక ఉన్న మనిషి ఎవరి పక్కన నిలబడాలో ముందే ఆలోచించి పెట్టుకోండి.

పనివాడికి ఇంగ్లీష్ నేర్పించి పంపించేయండి

ఇంతసేపూ స్పానిష్ పక్షాన మాట్లాడాను గానీ, ఇంగ్లీష్ అక్కర్లేదని నేను అనను. ఈ దేశంలో ఇంగ్లీష్ వస్తే జీతం పెరుగుతుంది. పిల్లల టీచరుతో మాట్లాడుకోవచ్చు, ఆసుపత్రిలో పదేళ్ల కూతురి చేత తన జబ్బు డాక్టరుకి చెప్పించుకునే అవస్థ తప్పుతుంది. ఆ సంగతి పనివాళ్లకి మనకన్నా బాగా తెలుసు. వాళ్లకి లేనిది ఆసక్తి కాదు, సాయంత్రాలు.

కమ్యూనిటీ కాలేజీల్లో, పబ్లిక్ లైబ్రరీల్లో ఇంగ్లీష్ క్లాసులు తక్కువ ఫీజుకి, చాలాచోట్ల ఉచితంగా జరుగుతాయి. మీరు తప్పనిసరి చేస్తే ఆ గంటలకి జీతం ఇవ్వాలి, చట్టం అదే చెప్తోంది. తప్పనిసరి చేయకండి, అయినా జీతం ఇవ్వండి. ఇంగ్లీష్ వస్తే ఇంకోచోట ఎక్కువ జీతానికి వెళ్లిపోతాడని మీ భయం. వెళ్తాడు. మనం హెచ్-1బీ మీద ఒక కంపెనీలో చేరి, పని నేర్చి, ఇంకోదానికి మారలేదా? వెళ్లేవాడు తన తమ్ముణ్నో, ఊరివాణ్నో మీ దగ్గర పెట్టి వెళ్తాడు. ఇక్కడ మనిషిని మనిషిలా చూస్తారని చెప్పి మరీ పెడతాడు. నేను లెక్కలు చూసే షాపుల్లో మనుషుల కొరత లేనివన్నీ ఇలా నడిచేవే.

క్లాసు ఏ రోజుల్లో ఉందో అతన్నే అడిగి షిఫ్టుల పట్టికలో రాయండి. ఆ సాయంత్రాలు పనికి పిలవకండి. శుక్రవారం రాత్రి షాపు కిటకిటలాడుతున్నా సరే, పిలవకండి.